రౌతు కొద్దీ గుర్రమా, గుర్రం కొద్దీ రౌతా? కెంటకీ కొండల్లో గుర్రమెక్కిన నర్సుల కథ

ఈ ఎపిసోడ్ ఒక సామెతతో మొదలుపెడతాను. రౌతు కొద్దీ గుర్రం. చిన్నప్పటి నుంచి వింటున్నదే కదా. పైన కూర్చున్నవాడు ఎలాంటివాడైతే కింద గుర్రం అలా నడుస్తుందని. దీన్ని ఆఫీసులో మేనేజర్ల మీద వాడాం, క్రికెట్‌లో కెప్టెన్ల మీద వాడాం. అసలు గుర్రం మీద మాత్రం వాడలేదు. ఎందుకంటే మనలో చాలామంది గుర్రాన్ని పెళ్లి బారాత్‌లో తప్ప దగ్గరగా చూసింది లేదు.

నేను కిందటేడు హైదరాబాద్ శివార్లలో ఒక రైడింగ్ క్లబ్‌కి వెళ్లి ట్రయల్ క్లాస్ తీసుకున్నాను. ముప్పావుగంట క్లాసు. గుర్రం పది నిమిషాలు నన్ను మోసింది, కంచె పక్కన పచ్చగడ్డి కనబడగానే ఆగిపోయింది. మడమలతో పొడిచాను. పగ్గాలు గట్టిగా పట్టుకుని లాగాను. అది ఒక చెవి మాత్రం వెనక్కి తిప్పింది, మేత ఆపలేదు. నేర్పించే ఆయన నవ్వుకుంటూ వచ్చి, "సార్, మీరు బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కుతున్నారు. అది ఏం చేయాలి పాపం?" అన్నారు.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఇంటికొచ్చి, అసలు గుర్రానికీ మనిషికీ కలిపి ట్రైనింగ్ ఎలా ఇస్తారు, పోటీల కోసం కాదు, యుద్ధం కోసం కాదు, పల్లెల్లో రోజూ జరగాల్సిన పని కోసం ఎలా ఇస్తారు అని వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలో దొరికిన కథే ఇది. అమెరికాలో కెంటకీ రాష్ట్రం, 1925. కాన్పులు చేయడానికి గుర్రాల మీద కొండలెక్కిన నర్సులు.

కథలోకి వెళ్లేముందు మా ఇంటి సంగతి ఒకటి. మా నాయనమ్మ వాళ్ల ఊరు ఖమ్మం జిల్లాలో, వాగు అవతల. ఆవిడ మొదటి కాన్పు వానాకాలంలో వచ్చింది. వాగు పొంగింది. మంత్రసాని ఇవతలి ఊళ్లో ఉండిపోయింది. బిడ్డ దక్కలేదు. ఈ సంగతి ఎప్పుడు చెప్పినా నాయనమ్మ చివర్లో ఒకటే మాట అనేది: "ఆమె వచ్చినా దక్కేదో లేదో నానా, నాకు తెల్వదు. రాలేకపోయింది, అదే మనసుల ఉండిపోయింది." అందుకే ఈ కథ చదువుతున్నప్పుడు నాకు మందుల కన్నా, డాక్టర్ల కన్నా, ఆ దారి మీదే ఎక్కువ ధ్యాస పోయింది. నర్సు ఉండటం వేరు, నర్సు చేరడం వేరు.

సరే, కెంటకీకి వెళ్దాం. కెంటకీ అనగానే రేసు గుర్రాలు, డెర్బీ గుర్తొస్తాయి. అది రాష్ట్రం మధ్యలో ఉన్న చదును ప్రాంతం. మన కథ తూర్పు వైపుది, అపలాచియన్ కొండల్లోది. లెస్లీ కౌంటీ అని ఒక చిన్న జిల్లా లాంటిది. జనాభా పదివేల చిల్లర. లైసెన్సున్న డాక్టర్ ఒక్కరూ లేరు. మోటారు నడిచే రోడ్డు లేదు. రైలు ఎక్కాలంటే కొండలు దాటి పక్క కౌంటీలోని హజార్డ్ అనే ఊరికి పోవాలి. ఇళ్లు ఊళ్లుగా ఉండవు, ఒక్కో వాగు వెంట ఒక్కో కుటుంబం. చాలాచోట్ల వాగే దారి. అంటే వాగు పక్కన దారి కాదండీ, వాగులోనే నడుచుకుంటూ పోవడం.

ఇక్కడికి వచ్చినావిడ పేరు మేరీ బ్రెకిన్‌రిడ్జ్. 1881లో పుట్టింది. పెద్ద రాజకీయ కుటుంబం, తాత అమెరికా ఉపాధ్యక్షుడిగా చేశాడు, తండ్రి రష్యాలో అమెరికా రాయబారి. ఆవిడ న్యూయార్క్‌లో నర్సు చదువు చదివింది. పెళ్లయింది. 1916లో నెలలు నిండకుండా ఒక పాప పుట్టి కొన్ని గంటలకే పోయింది. 1918లో నాలుగేళ్ల కొడుకు పోయాడు. ఆ తర్వాత భర్త నుంచి విడిపోయి, మొదటి ప్రపంచయుద్ధంలో చితికిపోయిన ఫ్రాన్స్‌కి సహాయం పనికి వెళ్లింది. అక్కడ బ్రిటన్ నుంచి వచ్చిన నర్సుల్ని చూసింది. వాళ్లు నర్సులూ, కాన్పులు చేయడం నేర్చుకున్న మిడ్‌వైఫ్‌లూ, రెండూ ఒకరే. అమెరికాలో అప్పటికి అలాంటివాళ్లు లేరు, నేర్పే స్కూలూ లేదు. దాంతో లండన్ వెళ్లి నలభై దాటిన వయసులో మిడ్‌వైఫరీ చదివింది. తర్వాత స్కాట్లాండ్ వెళ్లి, కొండల్లో దీవుల్లో ప్రభుత్వమే డాక్టర్లనీ నర్సుల్నీ ఎలా నిలబెడుతోందో చూసింది.

ఈ మధ్యలోనే, 1923 ఎండాకాలంలో, కెంటకీ కొండల్లో ఒక సర్వే చేసింది. మూడు కౌంటీలు. 53 మంది ముసలి మంత్రసానుల్ని ఇళ్లకి వెళ్లి కలిసింది. సుమారు 650 మైళ్లు తిరిగింది. మొత్తం తిరుగుడుకి పదమూడు గుర్రాలు, మూడు కంచర గాడిదలు మార్చింది.

ఆ అంకె దగ్గర ఆగండి. పదహారు జంతువులు. ఒక్కటి సరిపోలేదు. ఎక్కడికక్కడ దొరికింది అద్దెకో అరువుకో తీసుకుని ఎక్కడమే. తిరిగింది మంత్రసానుల సర్వేకే అయినా, ఈ దారుల్లో ఒక సర్వీస్ నడపాలంటే ఏం కావాలో ఆ ప్రయాణమే నేర్పి ఉంటుందని నాకనిపిస్తుంది. అద్దె గుర్రంతో సర్వే అవుతుంది. అర్ధరాత్రి తలుపు కొడితే పది నిమిషాల్లో బయల్దేరాలంటే సొంత గుర్రం కావాలి. దాణా కావాలి, కొట్టం కావాలి, లాడాలు కొట్టేవాళ్లు కావాలి. అన్నిటికీ మించి ఆ గుర్రం తెలిసిన మనిషి కావాలి.

1925లో సంస్థ మొదలైంది. 1928 నుంచి దాని పేరు ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్. హైడెన్ అనే ఊళ్లో 1928లో చిన్న ఆసుపత్రి కట్టారు. వెండోవర్ అనే చోట మొద్దులతో కట్టిన పెద్ద ఇల్లు, అదే ఆఫీసు, అదే బ్రెకిన్‌రిడ్జ్ ఇల్లు. చుట్టూ బీచ్ ఫోర్క్, రెడ్ బర్డ్, ఫ్లాట్ క్రీక్, బ్రూటస్ లాంటి చోట్ల ఆరు చిన్న సెంటర్లు. మొత్తం 700 చదరపు మైళ్లు, అంటే సుమారు 1,800 చదరపు కిలోమీటర్లు. సెంటర్ అంటే నర్సుల ఇల్లు, ఒక క్లినిక్ గది, పక్కనే గుర్రాల కొట్టం. కొట్టం లేని సెంటర్ లేదు. దూరం లెక్క కూడా గుర్రాన్ని బట్టే వేశారు. ఏ ఇల్లయినా సెంటర్ నుంచి ఐదారు మైళ్లకు మించకూడదు. గుర్రం మీద గంట, గంటన్నరలో చేరేంత. మనం మొబైల్ టవర్‌కి కవరేజ్ గీస్తాం చూడండి, అలా.

వాళ్ల నినాదం ఒకటుంది. తండ్రి నర్సు దగ్గరికి రాగలిగితే, నర్సు తల్లి దగ్గరికి వెళ్లగలదు. భర్త ఏ దారిన, ఏ చలిలో, ఏ చీకట్లో వచ్చాడో, నర్సు అదే దారిన అతని వెంట తిరిగి వెళ్తుంది. వినడానికి గొప్పగా ఉంది కానీ ఇందులో ఒక చిక్కుంది. ఆ తండ్రి పుట్టింది ఆ కొండల్లో. ఆ నర్సు వచ్చింది చాలాసార్లు లండన్ నుంచి.

అవును. అమెరికాలో మిడ్‌వైఫరీ చదివిన నర్సులు లేరని చెప్పాను కదా. కాబట్టి మొదటి పదిహేనేళ్లు చాలామంది బ్రిటన్ నుంచి వచ్చారు, లేదా అమెరికన్ నర్సులే బ్రిటన్ వెళ్లి చదువుకుని వచ్చారు. కాన్పు పనిలో ఆరితేరినవాళ్లు. కానీ వాళ్లలో చాలామంది అంతకుముందు జీను మీద కూర్చున్నది లేదు. ఇక్కడికొచ్చాక యూనిఫాం ఇచ్చారు, చీలమండ దాకా గౌను కాదు, నీలిబూడిద రంగు కోటు, రైడింగ్ ప్యాంటు, బూట్లు. తర్వాత ఒక గుర్రాన్ని ఇచ్చారు.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. గుర్రానికి ఏం నేర్పాలి, మనిషికి ఏం నేర్పాలి?

ముందు గుర్రం. ప్రాథమికంగా అది భయపడి పరుగెత్తే జంతువు. వేటాడే జంతువుల మధ్య బతికింది, అనుమానం వస్తే ముందు పరుగు, తర్వాత ఆలోచన. కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది, సరిగ్గా ముక్కు ముందరా తోక వెనకా తప్ప. గుంపు వదిలి ఒంటరిగా వెళ్లడం దానికి ఇష్టం ఉండదు. ఇప్పుడు ఈ పని చూడండి. అర్ధరాత్రి, తోటి గుర్రాల్ని వదిలేసి ఒంటరిగా బయల్దేరాలి. వీపున రెండు పక్కలా వేలాడే సంచులు, కలిపి సుమారు 40 పౌండ్లు, అంటే 18 కిలోలు. అడుగు కనబడని నీళ్లలో కాలు పెట్టాలి. వానకోటు రెపరెపలాడినా, లాంతరు ఊగినా బెదరకూడదు. కొత్త ఇంటి ముందు, కుక్కలు మొరుగుతుంటే, కాన్పు అయ్యేదాకా గంటలకొద్దీ కట్టేసిన చోట నిలబడాలి. నర్సు ఎక్కేటప్పుడు కదలకూడదు, ఎందుకంటే ఆవిడ అలసిపోయి ఉంటుంది, ఎక్కేది ఇరుకు బాట మీద. ఇవన్నీ దాని స్వభావానికి ఎదురు.

దీన్నెలా నేర్పుతారంటే, సూత్రం చాలా సింపుల్. ఒత్తిడి పెట్టు, సరైన పని చేసిన క్షణంలో ఒత్తిడి తీసెయ్. కాలితో పక్కన చిన్నగా నొక్కాం, అది అడుగు ముందుకేసింది, అదే క్షణంలో కాలు వదిలెయ్యాలి. గుర్రం నేర్చుకునేది నొక్కుడు నుంచి కాదు, వదలడం నుంచి. వదలడం రెండు సెకన్లు ఆలస్యమైతే అది ఇంకేదో నేర్చుకుంటుంది. వదలకపోతే, ఈ నొక్కుడికి అర్థం లేదని నేర్చుకుని మొద్దుబారిపోతుంది. నా ట్రయల్ క్లాసులో జరిగింది అదే. నాకన్నా ముందు వందమంది కస్టమర్లు దాన్ని పొడిచి పొడిచి వదిలారు. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి చిన్నదానికీ అలర్ట్ మోగే సిస్టమ్ ఉంటే ఎవరూ అలర్ట్ చూడరు చూశారా, సరిగ్గా అలాంటిదే.

నీళ్లు దాటడం కూడా ఇంతే. ముందు చిన్న కాలువ, చీలమండ లోతు. తనకన్నా అనుభవమున్న గుర్రం వెనక. తర్వాత కాస్త లోతు. కొట్టి దింపితే దిగుతుంది, కానీ ఆ తర్వాత నీళ్లన్నా దెబ్బన్నా ఒకటే అవుతుంది. వరద రోజున నడి వాగులో ఆ లెక్క తిరగబడుతుంది.

ఇక మనిషి. ఇక్కడే నా సామెత బోర్లా పడింది. కొత్తగా వచ్చిన నర్సుకి కొండదారి తెలియదు, గుర్రానికి తెలుసు. మబ్బు పట్టిన రాత్రి నర్సుకి కనబడదు, గుర్రానికి మనకన్నా చాలా బాగా కనబడుతుంది, దాని కంటి వెనక వెలుతురుని తిప్పి పంపే పొర ఉంటుంది, పిల్లి కళ్లలాగా. కాబట్టి చీకట్లో ఏటవాలు బాట మీద నేర్చుకోవాల్సిన మొదటి పాఠం, పగ్గాలు వదులు చెయ్యడం. తల స్వేచ్ఛగా వదిలేస్తేనే అది కాలెక్కడ వెయ్యాలో చూసుకుంటుంది. భయమేస్తే మనం చేసే మొదటి పని ఏంటి? గట్టిగా పట్టుకోవడం. శరీరం చెప్పేదానికి ఎదురు చెయ్యడం నేర్చుకోవాలి. గుర్రానికేమో భయమేసినా పరుగెత్తకపోవడం నేర్పుతున్నారు, మనిషికేమో భయమేసినా బిగించకపోవడం. రెండూ ఒకే పాఠం. రెండింటికీ ఒకేసారి రావాలి.

రెండో పాఠం ఇంకా నీరసమైనది, అందుకే ముఖ్యమైనది. కొట్టం పని. ఏ నర్సు గుర్రం ఆ నర్సు బాధ్యత. రాత్రంతా కాన్పు చేసి, తడిసి, తెల్లారి వస్తే, ముందు గుర్రం ఒళ్లు ఆరాలి, జీను తీయాలి, వీపు చూడాలి, గిట్టల్లో రాళ్లు తీయాలి, నీళ్లు, మేత. ఆ తర్వాతే తన టీ. సెంటిమెంట్ కోసం కాదు. జీను కింద రూపాయి బిళ్లంత పుండు పడితే ఆ గుర్రం వారం రోజులు పనికిరాదు. గుర్రానికి వాంతి చేసుకునే వీలు శరీరంలోనే లేదు, తప్పు మేత తిని కడుపునొప్పి వస్తే ప్రాణం మీదకొస్తుంది. ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కి లాడాలు మార్చాలి. చలికాలంలో మంచుగడ్డ మీద జారకుండా లాడాలకి మేకులు. నేను ఉద్యోగంలో ఆన్‌కాల్ చేసిన రోజుల్లో రాత్రి మూడింటికి ఫోన్ మోగితే లేచి ల్యాప్‌టాప్ తెరిచేవాణ్ణి, ఛార్జింగ్ పెట్టడం మర్చిపోతే అదే నా పెద్ద కష్టం. వీళ్ల ఛార్జర్ గడ్డి తింటుంది.

ఆ గడ్డి ఎక్కడిది? ఇదొక అందమైన ఏర్పాటు. కాన్పు మొత్తానికి ఫీజు 5 డాలర్లు. కొండల్లో చాలామంది చేతిలో డబ్బు ఆడదు. కాబట్టి కోడిపెట్ట ఇవ్వొచ్చు, కట్టెలు ఇవ్వొచ్చు, కంచె కట్టి ఇవ్వొచ్చు, గుర్రానికి మేత ఇవ్వొచ్చు. అంటే పోయినేడు పుట్టిన పిల్లవాడి కాన్పు ఫీజు, ఈ ఏడు ఇంకో తల్లి దగ్గరికి నర్సుని మోసుకెళ్తోంది.

గుర్రాల పనికి ఇంకో గుంపు కూడా ఉండేది. 1928 నుంచి కొరియర్లని పిలిచారు. ధనిక కుటుంబాల అమ్మాయిలు, ఇరవై ఏళ్ల అటూ ఇటూ, చిన్నప్పటి నుంచి సరదాగా గుర్రపు స్వారీ నేర్చుకున్నవాళ్లు. జీతం లేకుండా కొన్ని వారాలో నెలలో వచ్చి ఉండేవాళ్లు. కొట్టాలు ఊడవడం, గుర్రాలకి కసరత్తు, జబ్బు చేసిన గుర్రాన్ని చూసుకోవడం, ఒక సెంటర్‌లో గుర్రం కుంటితే ఇంకోదాన్ని తీసుకెళ్లి ఇవ్వడం, మందులు, ఉత్తరాలు చేర్చడం, కొత్తవాళ్లకి దారి చూపించడం. తమాషా ఏంటంటే, స్వారీ బాగా వచ్చినవాళ్లకి కాన్పు రాదు, కాన్పు వచ్చినవాళ్లకి స్వారీ రాదు. రెండు గుంపుల్నీ ఒకే కొట్టంలో కలిపారు. మొదటి కొరియర్లలో ఒకరు బ్రెకిన్‌రిడ్జ్ బంధువే, మార్విన్ అనే అమ్మాయి. తర్వాత కెమెరా పట్టుకుని వచ్చి ఈ నర్సుల మీద ఒక మూకీ సినిమా తీసింది, ది ఫర్‌గాటెన్ ఫ్రాంటియర్ అని. నటించింది నర్సులూ ఆ కొండల జనమే. ఆ సినిమాలో గుర్రాలు వాగు దాటే చోట నేను స్పీడ్ తగ్గించి చూశాను. నేనైతే ఖచ్చితంగా పగ్గాలు బిగించేవాణ్ణి.

ఇదే కొండల్లో పదేళ్ల తర్వాత ఇంకో గుర్రాల పథకం వచ్చింది, మీలో కొందరు నవలల్లో చదివే ఉంటారు. 1935 నుంచి 1943 దాకా, గుర్రాల మీద పుస్తకాలు పంచిన లైబ్రేరియన్లు. కరువు రోజుల ప్రభుత్వ పథకం, నెలకి 28 డాలర్ల జీతం, గుర్రమో గాడిదో ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఆ ఆడవాళ్లు స్థానికులు, జీను మీద పెరిగినవాళ్లు, దారులు తెలిసినవాళ్లు. వాళ్లకి ట్రైనింగ్ ఖర్చు లేదు. కానీ గుర్రానికి దెబ్బ తగిలితే ఆ ఖర్చు ఎవరిదో మీరే ఊహించుకోండి.

మళ్లీ నర్సుల దగ్గరికి. సినిమాల్లో ఇలాంటి కథ చూపిస్తే తుఫాను రాత్రి, ఉరుములు, గుర్రం దూకుడు చూపిస్తారు. నిజం వేరే. గర్భిణిని ఏడో నెల దాకా రెండు వారాలకోసారి, ఆ తర్వాత వారం వారం చూడాలి. కాన్పయ్యాక పది రోజులు రోజూ వెళ్లాలి. లెక్క వేద్దాం. ఇల్లు నాలుగు మైళ్ల దూరం అనుకుందాం. రానూపోనూ ఎనిమిది. కాన్పు తర్వాతి పది రోజులకే 80 మైళ్లు. ముందు వెళ్లినవి కలిపితే ఒక్క తల్లికి 200 మైళ్లు దాటొచ్చు. ఒకే సమయంలో అలాంటివాళ్లు ఎంతమందో! కాబట్టి వాళ్లకి కావాల్సింది వేగమైన గుర్రం కాదు. రోజూ నడిచే గుర్రం. గంటకి నాలుగైదు మైళ్లు, కుదుపు లేకుండా, ఏడాది పొడుగునా. గుర్రం మీద ఆ నీరసమైన ప్రయాణాల్లోనే బీపీ పెరగడం, కాళ్లు వాయడం ముందే కనబడేది.

ఫలితం సంగతి. సంస్థ మొదలైనప్పటి నుంచీ రికార్డులు జాగ్రత్తగా రాశారు. మొదటి వెయ్యి కాన్పుల రికార్డుల్ని మెట్రోపాలిటన్ లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ గణాంక నిపుణుడు లూయిస్ డబ్లిన్ పరిశీలించి 1932లో రిపోర్టు ఇచ్చారు. గర్భం వల్లగానీ కాన్పు వల్లగానీ నేరుగా చనిపోయిన తల్లి ఒక్కరూ లేరు. అప్పట్లో అమెరికా మొత్తం మీద వెయ్యి కాన్పులకి ఆరేడుగురు తల్లులు పోతున్నారు, ఆసుపత్రులున్న నగరాలతో సహా. ఇలాంటి సేవ దేశమంతా ఉంటే ఏడాదికి పదివేలమంది తల్లులు బతుకుతారని ఆ రిపోర్టు లెక్క కట్టింది. ఇన్సూరెన్స్ కంపెనీ లెక్క అది, భక్తుల లెక్క కాదు.

ఒకటి ఒప్పుకోవాలి. ఈ అంకెలకి కారణం గుర్రాలని నేను చెప్పడం లేదు. చదువున్న నర్సులు, శుభ్రత, రాసిపెట్టిన వైద్య నియమాలు, అవసరమైతే హైడెన్‌లో ఆసుపత్రి, ఇవీ కారణాలు. కానీ ఇవన్నీ గుర్రం వీపు మీదే ఆ గుమ్మం దాకా వెళ్లాయి.

గుర్రాల వల్ల దెబ్బలూ తగిలాయి. 1931లో బ్రెకిన్‌రిడ్జ్ తన గుర్రం మీద నుంచి పడి వెన్నెముక విరగ్గొట్టుకుంది. అప్పటికి యాభై ఏళ్లు. చాలాకాలం నడుముకి పట్టీ బిగించుకుని తిరిగింది, మళ్లీ గుర్రమెక్కింది. వరదలొస్తే పనే ఆగిపోయేది. అక్కడి జనం వాగు పొంగడాన్ని టైడ్ అంటారు, సముద్రం ఆటుపోటుకి వాడే మాటే. మా నాయనమ్మ వాళ్ల వాగుకి ఒక నల్లబండ గుర్తు. బండ మునిగితే దాటొద్దు, అంతే. గుర్రమున్నా, రౌతున్నా, దాటకూడని నీళ్లు ఉంటాయి. ఎప్పుడు ఆగాలో తెలియడం కూడా ట్రైనింగే, దాని గురించి ఎవరూ సినిమా తియ్యరు.

బ్రెకిన్‌రిడ్జ్‌ని దేవతని చెయ్యడం నాకిష్టం లేదు. కొండల్లో ఉన్నది స్వచ్ఛమైన ఆంగ్లో-శాక్సన్ రక్తం అని నమ్మేది, విరాళాలు అడిగేటప్పుడు అదే చెప్పేది. నల్లజాతి నర్సుల్ని తన సర్వీస్‌లోకి రానివ్వలేదు. తరాలుగా కాన్పులు చేసిన ఆ ముసలి మంత్రసానుల పని కూడా మెల్లగా వీళ్లకి మారిపోయింది. వాళ్లలో చాలామందికి దారులూ తెలుసు, గుర్రాలూ తెలుసు, తల్లులూ తెలుసు. వాళ్లకే చదువు చెప్పి ఉంటే ఎలా ఉండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

1939లో యూరప్‌లో యుద్ధం మొదలైంది. బ్రిటన్ నర్సులు చాలామంది సొంత దేశానికి వెళ్లిపోయారు. అప్పుడు గానీ సొంత స్కూలు పెట్టలేదు. అదే ఏడాది నవంబర్‌లో ఇద్దరు విద్యార్థులతో మొదలైంది. అక్కడ మిడ్‌వైఫరీతో పాటు గుర్రం ఎక్కడం, గుర్రాన్ని చూసుకోవడం కూడా నేర్చుకోవాల్సిందే. ఆ స్కూలే ఇవాళ ఫ్రాంటియర్ నర్సింగ్ యూనివర్సిటీ, ఇప్పుడు పాఠాలు ఎక్కువగా ఆన్‌లైన్‌లో. యుద్ధం తర్వాత జీపులొచ్చాయి, రోడ్లు మెల్లగా పడ్డాయి. బ్రెకిన్‌రిడ్జ్ 1965లో పోయింది. గుర్రాల కాలం ఆవిడతో పాటే దాదాపు ముగిసింది.

మన దగ్గర? అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు వైపు కొండ గూడేల్లో, ఇప్పటికీ గుర్రాల మీద సంతకి సరుకు తెస్తారు, బియ్యం మోస్తారు. అదే కొండల్లో రోడ్డు లేని గూడెం నుంచి గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చిన వార్త మీరు ప్రతి వానాకాలం చూస్తూనే ఉంటారు. ఫీడర్ అంబులెన్సులని బైకులకి తొట్టె కట్టి ప్రభుత్వం తెచ్చింది, బైకు ఎక్కేదాకా బాగానే పనిచేస్తాయి. ఆ పైన మనుషులే. గుర్రాలు పెట్టండి అని నేను అనడం లేదు, అక్కడివాళ్లు అడుగుతున్నది రోడ్డు, అది ఇవ్వాలి. కానీ నాకు ఒక తేడా కనిపించింది. డోలీలో తల్లి నర్సు దగ్గరికి వస్తోంది. కెంటకీలో నర్సు తల్లి దగ్గరికి వెళ్లింది.

ఈ స్క్రిప్ట్ రాసుకున్నాక నేను మళ్లీ ఆ రైడింగ్ క్లబ్‌కి వెళ్లాను. అదే గుర్రం, అదే కంచె, అదే గడ్డి. ఈసారి పగ్గాలు వదులు చేసి, కాలితో ఒక్కసారి చిన్నగా నొక్కాను. అది ఆలోచించింది. ఇంకో రెండు పరకలు తెంపుకుంది. తర్వాత నడిచింది. నేను కాలు వదలడం మర్చిపోయాను, వెంటనే ఆగిపోయింది.

వచ్చే వారం కలుద్దాం. ఉంటాను.